పేలుడు కాదు, మొలక

(సిద్ధార్థ ముఖర్జీ రాసిన ‘ది ఎంపరర్ ఆఫ్ ఆల్ మాలడీస్’ పుస్తకంపై ఒక పరిశీలన)

మీలో ఎవరైనా లుకేమియా రోగి రక్తపరీక్ష రిపోర్టు చూశారా? అందులో ‘బ్లాస్ట్స్’ అనే మాట ఉంటుంది. పక్కన ఒక శాతం అంకె ఉంటుంది. ఆ అంకె పెద్దదైతే చదువుతున్న డాక్టరు ముఖం మారిపోతుంది. సుమారు ఇరవై ఏళ్ల కిందట, అనువాదాలు కొత్తగా మొదలుపెట్టిన రోజుల్లో, ఒక ఇంగ్లీషు వ్యాసాన్ని తెలుగు చేస్తూ నేను ఈ మాట దగ్గర ఆగాను. బ్లాస్ట్ అంటే పేలుడు కదా! పైగా ఆ వ్యాసం నిండా శత్రువు, దాడి, ఆయుధం, పోరాటం అనే మాటలే. ఇంకేం ఆలోచించకుండా ‘పేలుడు కణాలు’ అని రాసేశాను.

అది అచ్చయిన వారానికి ఒకాయన ఆ కాగితం ముక్క పట్టుకుని నన్ను వెతుక్కుంటూ వచ్చారు. ఆయన ఏడేళ్ల కొడుకు లుకేమియాతో ఆసుపత్రిలో ఉన్నాడట. “ఏమండీ, మావాడి ఎముకల్లో కణాలు పేలుతున్నాయా? అందుకేనా రాత్రిళ్లు కాళ్లు నొప్పులని ఏడుస్తాడు?” అని అడిగారు. నా దగ్గర జవాబు లేదు. ఆయన వెళ్లాక నిఘంటువులు తిరగేస్తే అసలు సంగతి తెలిసింది. ఈ బ్లాస్ట్ ఇంగ్లీషు పేలుడు కాదు, గ్రీకు ‘బ్లాస్టోస్’. దాని అర్థం మొలక, అంకురం. ఎదిగి పూర్తిస్థాయి రక్తకణం కావలసిన పసికణం అన్నమాట. తరవాతి సంచికలో సవరణ వేయించాను. ఆయన చూశారో లేదో తెలియదు.

ఆ తప్పుకు నా అజ్ఞానం ఒక్కటే కారణమైతే ఇక్కడ ఏకరువు పెట్టేవాణ్ణి కాదు. క్యాన్సర్ గురించి మనం మాట్లాడుకునే భాషే అలాంటిది. సినిమాల్లో బ్లడ్ క్యాన్సర్ అంటే దగ్గు, రుమాలు మీద నెత్తురు, ఆఖరి రీలులో చావు. పత్రికల్లో అది ‘మహమ్మారి’, ‘మృత్యువుతో పోరాటం’. ఇరుగుపొరుగు మాటల్లో ‘తెల్లకణాలు ఎర్రకణాలను తినేస్తాయట’. ఈ భాషలో ఒక ముఖ్యమైన ప్రశ్నకు చోటు లేదు: అసలు ఈ కణాలు ఎక్కడినుంచి వచ్చాయి? ఆ ప్రశ్నను పక్కన పెట్టుకుని, క్యాన్సర్‌పై మన కాలంలో ఎంతో పేరు పొందిన ఒక పుస్తకాన్ని మీతో కలిసి పరిశీలిద్దాం.

పుస్తకం సంగతి

ముఖర్జీ ఢిల్లీలో పుట్టి, అమెరికాలో స్థిరపడిన క్యాన్సర్ వైద్యులు. ‘ది ఎంపరర్ ఆఫ్ ఆల్ మాలడీస్’ 2010లో వెలువడింది. 2011లో పులిట్జర్ బహుమతి పొందింది. పేరును తెలుగు చేస్తే ‘సకల వ్యాధుల చక్రవర్తి’ అవుతుంది. పుస్తకం ఒక లుకేమియా రోగితోనే మొదలవుతుంది. ముప్పై ఏళ్ల వయసున్న, చిన్నపిల్లలకు పాఠాలు చెప్పే ఒక టీచరుకు ఉన్నట్టుండి నీరసం, ఒంటిమీద కమిలిన మచ్చలు కనిపిస్తాయి. అక్కడినుంచి రచయిత మనల్ని 1845కు తీసుకువెళతారు. ఆ ఏడాది ఎడింబరోలో జాన్ బెనెట్ ఒక రోగి రక్తాన్ని చూసి, అది చీము పట్టిందనుకున్నారు. అదే ఏడాది జర్మనీలో రుడాల్ఫ్ విర్కో ఇలాంటి రోగి రక్తాన్నే చూశారు. కారణం తెలియనప్పుడు తెలిసినట్టు పేరు పెట్టడం ఎందుకని, దాన్ని ‘తెల్ల నెత్తురు’ అని మాత్రం అన్నారు. 1847లో ఆ మాటనే గ్రీకులో ‘లుకేమియా’ చేశారు.

ముఖర్జీ కథ చెప్పడంలో దిట్ట. విజయాలతో పాటు వైఫల్యాలనూ, డాక్టర్ల అహంకారాన్నీ, చివరకు ఒక మోసపూరిత పరిశోధననూ దాచకుండా రాశారు. సైన్సు ఎలా నడుస్తుందో తెలుసుకోవాలనుకునే విద్యార్థికి ఇంతకంటె ఏం కావాలి? నా అభ్యంతరం వేరే చోట ఉంది. దాన్ని అర్థం చేసుకోవాలంటే ముందు రక్తం ఎలా తయారవుతుందో చూడాలి.

ఎముకల్లోని నారుమడి

ఒక ఎర్రకణం ఆయుష్షు సుమారు 120 రోజులు. ప్లేట్‌లెట్లు వారం పది రోజులుంటాయి. కొన్నిరకాల తెల్లకణాలు ఒకటి రెండు రోజుల్లోనే రాలిపోతాయి. పోయినవాటి స్థానం నింపడానికి మన శరీరం రోజుకు సుమారు 20 వేల కోట్ల ఎర్రకణాలను తయారు చేయాలి. ఇదంతా ఎముకల లోపలి మూలుగలో జరుగుతుంది.

ఆ మూలుగను ఒక నారుమడి అనుకోండి. విత్తనాలు మూలకణాలు. అవి కొద్దిగానే ఉంటాయి. విత్తనం మొలకవుతుంది, మొలక నారవుతుంది, ఎదిగిన నారు మడి దాటి పొలానికి, అంటే రక్తంలోకి వెళుతుంది. ఎదిగిన కణాల్లో చాలావాటికి మళ్లీ విభజన చెందే శక్తి ఉండదు. ఎదగడానికి అవి చెల్లించే మూల్యం అది.

ఇలాంటి విత్తనాలున్నాయని ఎలా తెలిసింది? 1961లో కెనడాలోని టొరంటోలో జేమ్స్ టిల్, ఎర్నెస్ట్ మెక్‌కల్లాక్ ఎలుకల మూలుగను రేడియేషన్‌తో నాశనం చేసి, వాటికి ఆరోగ్యంగా ఉన్న ఎలుకల మూలుగ కణాలను ఎక్కించారు. పది రోజులకు ఆ ఎలుకల ప్లీహం మీద చిన్న చిన్న బుడిపెలు లేచాయి. ఒక్కొక్క బుడిపెలో రకరకాల రక్తకణాలున్నాయి. ఒక్కొక్క బుడిపె ఒకే ఒక్క కణం సంతానమని రెండేళ్ల తరవాత వారి బృందమే క్రోమోజోముల గుర్తులతో నిరూపించింది.

లుకేమియాలో జరిగేది ఏమిటి? మొలక ఎదగడం మానేస్తుంది, మొలకెత్తడం మాత్రం మానదు. నారుమడి అంతా ఎదగని మొలకలతో నిండిపోతుంది. మిగిలిన నారుకు చోటుండదు. ఎర్రకణాలు తగ్గి నీరసం, ప్లేట్‌లెట్లు తగ్గి రక్తస్రావం, పనిచేసే తెల్లకణాలు తగ్గి జ్వరాలు వస్తాయి. కనుక తెల్లకణాలు ఎర్రకణాలను తినడం లేదు. మూలుగ కిక్కిరిసిపోవడం వల్లనే ఆ పిల్లవాడి ఎముకలు నొప్పి పెట్టాయి. (ఇది హఠాత్తుగా ముదిరే అక్యూట్ లుకేమియాల కథ. నెమ్మదిగా సాగే రకాల్లో కణాలు కొంతవరకు ఎదుగుతాయి కూడా.)

తప్పు ఊహ నుంచి పుట్టిన మందు

ఈ దృష్టితో చూస్తే పుస్తకం మొదటి భాగంలోని ఒక గొప్ప ఘట్టం ఇంకా బాగా అర్థమవుతుంది. 1928 తరవాత బొంబాయిలో లూసీ విల్స్ అనే ఇంగ్లండు వైద్యురాలు మిల్లుల్లో పనిచేసే గర్భిణుల రక్తహీనతను పరిశీలించారు. ఆ స్త్రీల మూలుగలో ఎర్రకణాల మొలకలు పెద్దవిగా ఉబ్బి, ఎదగకుండా ఆగిపోయేవి. ఈస్టు నుంచి తీసిన మార్మైట్ తినిపిస్తే అవి ఎదిగేవి. అందులోని గుణకారి పదార్థమే ఫోలిక్ ఆమ్లమని తరవాత తేలింది.

బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్‌కు ఇక్కడే ఒక ఊహ తట్టింది. రక్తహీనతలో ఆగిపోయిన మొలకలను ఫోలిక్ ఆమ్లం ఎదిగిస్తున్నది కదా, లుకేమియా మొలకలను కూడా ఎదిగిస్తుందేమో! ఆ కుటుంబానికి చెందిన పదార్థాలు ఇచ్చి చూశారు. ఫలితం తలకిందులైంది. లుకేమియా మరింత వేగంగా ముదిరింది. విభజన చెందే కణానికి డి.ఎన్.ఎ. తయారీ కోసం ఫోలిక్ ఆమ్లం కావాలి. మనం ఎరువు వేసినది కలుపుకే అన్నమాట. ఆ తప్పు నుంచే ఫార్బర్ రెండో ఊహ పుట్టింది: ఫోలిక్ ఆమ్లానికి అడ్డుపడే పదార్థం ఇస్తే?

ఆ పదార్థం వచ్చిన చోటు లెడర్లీ ప్రయోగశాల. అక్కడ పరిశోధనలకు నాయకత్వం వహించినవారు మన భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. ఆయన బృందం తయారు చేసిన అమినోప్టెరిన్‌ను ఫార్బర్ 1947 డిసెంబరులో ఒక రెండేళ్ల బాలుడికి ఇవ్వడం మొదలుపెట్టారు. మొత్తం 16 మంది పిల్లలకు ఇస్తే 10 మందిలో గుణం కనిపించింది. ఆ గుణం కొన్ని నెలలే నిలిచింది. అయినా అప్పటిదాకా ఈ జబ్బును కొద్దికాలం పాటైనా వెనక్కి తగ్గించిన మందు లేదు. 1948 జూన్‌లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. ఆగస్టులో సుబ్బారావు మరణించారు. ముఖర్జీ తన పుస్తకాన్ని ఆ బాలుడికి అంకితం ఇచ్చారు.

ఇప్పుడు గమనించండి. ఈ రసాయన చికిత్స ‘శత్రువును చంపుదాం’ అనే ఆలోచనతో మొదలవలేదు. ‘మొలకను ఎదిగిద్దాం’ అనే ఆలోచనతో మొదలై, దారి తప్పి, చంపే మందు దగ్గర తేలింది. ముఖర్జీ ఈ సంఘటనలను చక్కగా చెప్పారు. కాని ఈ మలుపు విలువను నిలబెట్టి చూపకుండా ముందుకు సాగిపోయారు. ఎందుకంటే రెండో భాగంలో యుద్ధం సిద్ధంగా ఉంది.

యుద్ధం మాటున మరుగైనది

పుస్తకంలో ఆరు భాగాలున్నాయి. రెండో భాగం పేరులోనే ‘యుద్ధం’ ఉంది. ఇది రచయిత కల్పన కాదు. 1971లో అమెరికా అధ్యక్షుడు నిక్సన్ జాతీయ క్యాన్సర్ చట్టంపై సంతకం చేసినప్పుడు దేశమంతా దాన్ని ‘క్యాన్సర్‌పై యుద్ధం’ అనే పిలిచింది. ఆ యుద్ధం ఫలించలేదని నేననడం లేదు. పిల్లల్లో ఎక్కువగా వచ్చే లింఫోబ్లాస్టిక్ లుకేమియా, సంపన్న దేశాల్లో నేడు పదిమందిలో సుమారు తొమ్మిదిమందికి నయమవుతున్నది. అందులో కణాలను చంపే మందులదే పెద్ద పాత్ర. అమినోప్టెరిన్‌కు తమ్ముడైన మెథోట్రెక్సేట్‌ను నేటికీ వాడుతున్నారు. కనుక మొలక అన్నాం కదా అని మెతకగా చూడమని ఎవరూ అనుకోకూడదు.

నా ఫిర్యాదు వరుస గురించి. ‘మన సహజ రూపానికే వికృత రూపం’ అనే అర్థం వచ్చే పేరుతో పుస్తకంలో ఐదో భాగం ఉంది. క్యాన్సర్ బయటినుంచి వచ్చిన శత్రువు కాదు, మన కణమేనని అక్కడ రచయిత స్పష్టంగా రాశారు. కాని అప్పటికే పాఠకుడు నాలుగు భాగాల పొడవునా చక్రవర్తిని, సేనానులను, ఆయుధాలను చూసి ఉన్నాడు. ఆ బొమ్మ మనసులో ముద్ర పడ్డాక ‘శత్రువు నువ్వే’ అంటే అది ఒక వింత మాటగా తోస్తుంది తప్ప విజ్ఞానంగా ఇంకదు. చరిత్ర అలాగే నడిచింది, చికిత్స ముందు వచ్చింది, అవగాహన వెనక వచ్చింది అని రచయిత తరఫున వాదించవచ్చు. నిజమే. కాని చరిత్ర నడిచిన వరుసలోనే విద్యార్థి నేర్చుకోవాలని ఎక్కడుంది?

మొదటి మార్పు ఎప్పుడు?

ఈ పుస్తకం బరువంతా ‘ఎలా నయం చేశారు’ అన్నదానిపై పడింది. ‘లుకేమియా ఎప్పుడు మొదలవుతుంది’ అన్న ప్రశ్నకు జవాబు కోసం మీరు బయట కూడా చదవాలి. ఉదాహరణకు లండన్‌లో మెల్ గ్రీవ్స్ బృందం చేసిన పని చూడండి. ఒకే అండం నుంచి పుట్టిన కవలల్లో ఒకరికి పసితనంలోనే లుకేమియా వస్తే రెండోవారికీ వచ్చే ప్రమాదం ఎక్కువ. వంశపారంపర్యమా? ఈ బృందం 1993లో అలాంటి కవలల లుకేమియా కణాలను పోల్చి చూసింది. ఇద్దరిలోనూ ఒకే జన్యువు, సరిగ్గా ఒకే చోట తెగి ఉంది. శరీరంలోని మిగతా కణాల్లో ఆ మార్పు లేదు. అంటే తల్లిదండ్రుల నుంచి రాలేదు. గర్భంలో ఉండగా ఒక బిడ్డలోని ఒక రక్తకణంలో ఆ మార్పు జరిగి, ఇద్దరూ పంచుకున్న మాయ ద్వారా ఆ కణం సంతానం రెండో బిడ్డలోకి వెళ్లింది.

కవలలు కాని పిల్లల సంగతి? కొన్ని దేశాల్లో పుట్టిన బిడ్డ మడమ నుంచి రెండు చుక్కల రక్తం తీసి కాగితంపై ఆరబెట్టి దాచిపెడతారు. తరవాత లుకేమియా వచ్చిన పిల్లల పాత కాగితాలను వెతికి పరీక్షిస్తే, కొందరిలో ఆ మార్పు పుట్టిననాటికే ఉంది. 2002లో ఇదే బృందం బొడ్డుతాడు రక్తాన్ని పరీక్షించి మరో విశేషం చెప్పింది. పిల్లల లుకేమియాలో తరచు కనిపించే ఒక జన్యు అతుకు, పుట్టే నూరుమంది శిశువుల్లో సుమారు ఒకరిలో ఉంటుంది. తరవాతి అంచనాలు ఇంతకంటె ఎక్కువగానూ ఉన్నాయి. వారిలో బహు కొద్దిమందికే లుకేమియా వస్తుంది. మొదటి మార్పు ఒక్కటే చాలదు, ఆ తరవాత మరికొన్ని మార్పులు కూడాలి.

పెద్దవారిలోనూ ఇలాంటిదే ఉంది. 70 ఏళ్లు దాటినవారిలో పదిమందిలో సుమారు ఒకరికి, మార్పు చెందిన ఒకే విత్తనం సంతానం రక్తంలో గణనీయమైన భాగాన్ని ఆక్రమించి ఉంటుందని 2014లో తేలింది. వీరిలోనూ ఎక్కువమందికి లుకేమియా రాదు. అదే ఏడాది టొరంటోలో జాన్ డిక్ బృందం, మందులతో లుకేమియా తగ్గిన రోగుల్లో కూడా మొదటి మార్పు ఉన్న మూలకణాలు మిగిలే ఉంటాయని చూపింది. పైపైన కలుపు పీకినా విత్తనం మడిలోనే ఉందన్నమాట. జబ్బు ఎందుకు తిరగబెడుతుందో అర్థం చేసుకోవడానికి ఇదొక దారి.

ఇవన్నీ పుస్తకంలో ఎందుకు లేవని అడగడం అన్యాయం. 2014 నాటి ఫలితాలు 2010 నాటి పుస్తకంలో ఉండవు. కాని ఈ ప్రశ్న ఎంత ముఖ్యమో ఆ తండ్రిని తలచుకుంటే తెలుస్తుంది. యుద్ధం భాషలో ఆయనకు మిగిలే ప్రశ్న ఒకటే: శత్రువు మా ఇంట్లోకే ఎందుకొచ్చాడు, మేమేం తప్పు చేశాం? కణాల ఎదుగుదల భాషలో జవాబు ఉంది. కోట్ల కోట్ల సార్లు జరిగే విభజనలో ఒకచోట పొరపాటు జరిగింది, ఎక్కువమంది పిల్లల విషయంలో తల్లి ఇది తిన్నందువల్ల, తండ్రి అది చేసినందువల్ల వచ్చిందని చూపే ఆధారం లేదు.

మొలకను ఎదిగిస్తే?

ఫార్బర్ తొలి ఊహ అంతటితో పోలేదు. ప్రోమైలోసైటిక్ లుకేమియా అనేది అతి వేగంగా ప్రాణం తీసే రకం. అందులో 15, 17 క్రోమోజోముల ముక్కలు తారుమారై, తెల్లకణం ఒక దశలో ఎదగకుండా ఆగిపోతుంది. షాంఘైలో వాంగ్ జెన్‌యీ బృందం విటమిన్ ‘ఎ’ కుటుంబానికి చెందిన రెటినాయిక్ ఆమ్లాన్ని 24 మంది రోగులకు ఇచ్చి, ఫలితాలను 1988లో ప్రకటించింది. అందరికీ ఉపశమనం కలిగింది. ఒక్కరికి మాత్రం మరో మందు తోడు కావలసి వచ్చింది. ఆగిపోయిన కణాలు చావలేదు, ముందు ఎదిగాయి. ఎదిగిన కణాల్లాగే ఆయుష్షు తీరి రాలిపోయాయి! ఆ మందు ఒక్కటే ఇస్తే జబ్బు తిరగబెట్టేది. తరవాత ఆర్సెనిక్ (పాషాణం) తోడైంది. మన దేశంలో వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాల డాక్టర్లు ఆర్సెనిక్ ఒక్కదానితోనే చాలామంది రోగులకు దీర్ఘకాలిక ఉపశమనం కలిగించిన సంగతి 2006లో ప్రకటించారు. ఒకనాడు అతి భయంకరమైన ఈ లుకేమియా, నేడు ఎక్కువగా నయమయ్యే వాటిలో ఒకటి.

రెటినాయిక్ ఆమ్లం కథను ముఖర్జీ ఆరో భాగంలో చెప్పారు. అక్కడ అది కొత్త ఆయుధాల జాబితాలో ఒకటిగా కనిపిస్తుంది. నా దృష్టిలో అది పుస్తకానికి రెండో గుండెకాయ కావలసింది. అన్ని లుకేమియాలూ ఇలా లొంగలేదన్నది నిజమే. కాని ‘ఏ కణం, ఏ దశలో, ఎందుకు ఆగింది’ అని అడిగినవారికి చంపడం కాక వేరే దారి కనిపించిన ఉదాహరణ ఇది.

మన సుబ్బారావు గురించి ఒక మాట. ముఖర్జీ ఆయనకు కొన్ని పేజీలే ఇచ్చారని మనకు లోటు అనిపించవచ్చు. ఆ కొన్ని పేజీలైనా ప్రపంచమంతా చదివింది. మనం మాత్రం తక్కువ తిన్నామా? ‘క్యాన్సర్‌కు మందు కనిపెట్టిన తెలుగువాడు’ అని ఒక బిరుదు తగిలించి, దండ వేసి, అక్కడితో ఆగిపోతాం. ఆయన సోదరులు స్ప్రూ అనే పేగుల వ్యాధితో మరణించారనీ, ఫోలిక్ ఆమ్లం ఆ వ్యాధికే మందనీ, ఆ అన్వేషణే అమినోప్టెరిన్ దాకా వెళ్లిందనీ ఎంతమంది విద్యార్థులకు చెబుతున్నాం? బిరుదు కంటె ఆ దారి తెలియడమే మేలు.

ఎలా చదవాలి?

ఇన్ని అభ్యంతరాలున్నా ఇది ప్రతి కళాశాల గ్రంథాలయంలో ఉండవలసిన పుస్తకం. నా సలహా ఒక్కటే. మొదటి భాగం చదివాక నేరుగా ఐదో భాగానికి వెళ్లండి. మన కణమే ఎలా దారి తప్పుతుందో తెలుసుకుని, అప్పుడు వెనక్కి వచ్చి యుద్ధం కథ చదవండి. మూలకణాల గురించి ఇంకా కావాలంటే ముఖర్జీయే 2022లో ‘ది సాంగ్ ఆఫ్ ది సెల్’ అనే పుస్తకం రాశారు. టిల్, మెక్‌కల్లాక్ ప్రయోగాలు అందులో దొరుకుతాయి. ఒకవిధంగా తన పాత పుస్తకంలోని లోటును రచయితే కొంత పూడ్చుకున్నారు.

చదివేటప్పుడు ‘శత్రువు’ అన్న మాట వచ్చిన చోటల్లా పక్కన పెన్సిల్‌తో ‘ఏ కణం? ఏ దశలో ఆగింది?’ అని రాసుకోండి. గ్రంథాలయం పుస్తకమైతే మీ నోటుపుస్తకంలో రాసుకోండి. జవాబు దొరకని ప్రశ్నలు చాలానే మిగులుతాయి. ఎవరికి తెలుసు, వాటిలో ఒకదాని వెంట మీరే వెళ్లవచ్చు.